క్యారవాన్‌లో టీవీ: హైదరాబాద్ చుట్టుపక్కల క్యాంపింగ్‌కి డిష్ బిగించుకోవడం ఎలా?

క్యారవాన్ కొన్నవాళ్లయినా, టెంపో ట్రావెలర్‌ని క్యాంపర్ వ్యాన్‌గా మార్పించుకున్నవాళ్లయినా టీవీ మాట రాగానే మొదట చూసేది అమెరికా వీడియోలే. అక్కడ ఆర్‌వీలని పిలిచే ఇలాంటి బండ్ల పైకప్పు మీద రెక్కల్లాంటి ఏంటెన్నా ఒకటి ఉంటుంది. ఊరు మారినప్పుడల్లా దాన్ని పైకి లేపి తిప్పుకుంటే దగ్గర్లోని స్థానిక ఛానెళ్లు ఉచితంగా వచ్చేస్తాయి. అది చూసి మనవాళ్లు ఆన్‌లైన్‌లో అలాంటి ఏంటెన్నాయే తెప్పించుకుంటున్నారు. దయచేసి ఆ ఖర్చు పెట్టకండి.

మన దగ్గర భూమ్మీది టవర్ల నుంచి టీవీ ప్రసారం చేసింది దూరదర్శన్ ఒక్కటే. ప్రైవేటు తెలుగు ఛానెళ్లు ఏవీ ఎప్పుడూ ఆ దారిలో రాలేదు. దూరదర్శన్ కూడా పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దశలవారీగా ఆపేసింది. 2022 నాటికి కీలక ప్రాంతాల్లోని ఓ 50 తప్ప మిగతావన్నీ మూతపడ్డాయి. కాబట్టి వికారాబాద్ అడవిలోనో, సాగర్ ఒడ్డునో నిలబడ్డ బండికి రెక్కల ఏంటెన్నాతో పని లేదు. మనకు కావలసింది ఆకాశం వైపు చూసే చిన్న డిష్.

ఫోన్ ఉండగా ఇదంతా దేనికని అడిగేవాళ్లుంటారు. మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్లారంటే ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే మాయమవుతాయి. ఆ లోయలో కూడా ఉపగ్రహం నెత్తి మీదే ఉంటుంది. అమ్మమ్మని, తాతయ్యని వెంట తీసుకెళ్లినప్పుడు రాత్రి వార్తలకో, మ్యాచ్‌కో అదే దిక్కు.

ఏం కొనాలి

నా సలహా దూరదర్శన్ వారి ఉచిత డీటీహెచ్, డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైన సేవ ఇది. నెలనెలా కట్టేది ఏమీ లేదు. నెలకో రెండు నెలలకో ఒకసారి బండి తీసేవాళ్లకు రీఛార్జి గొడవ లేకపోవడమే పెద్ద సుఖం. డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి, డీడీ న్యూస్, డీడీ స్పోర్ట్స్‌తో పాటు ఇంకా చాలా ఛానెళ్లు వస్తాయి. జాతీయ ప్రాముఖ్యం ఉన్న మ్యాచ్‌ల ప్రసారాన్ని హక్కులున్న ఛానెళ్లు దూరదర్శన్‌తో పంచుకోవాలని 2007 నాటి చట్టం చెబుతోంది.

సరంజామా కోసం కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళితే ఒక్క పూటలో అన్నీ దొరుకుతాయి. 60 సెంటీమీటర్ల డిష్, దాని ముందు బిగించే ఎల్‌ఎన్‌బీ (సిగ్నల్‌ని అందుకుని కేబుల్‌లోకి పంపే చిన్న పరికరం), ఎంపెగ్-4 సెట్‌టాప్ బాక్స్, మూడు కాళ్ల స్టాండు, 15 మీటర్ల ఆర్‌జీ-6 కేబుల్, కేబుల్ కొనలకు బిగించే ఎఫ్ కనెక్టర్లు నాలుగైదు, బోల్టులకు సరిపడే స్పానర్లు రెండు, మేస్త్రీలు వాడే చిన్న రసమట్టం. బాక్సు ఎంపెగ్-4ది అని పక్కాగా అడిగి తీసుకోండి. పాత ఎంపెగ్-2 బాక్సులో ఫ్రీ డిష్ ఛానెళ్లు కొన్నే వస్తాయి. మీ టీవీ వెనుక ఎల్‌ఎన్‌బీ లేదా శాటిలైట్ అని రాసి ఉన్న సాకెట్ ఉంటే ముందు దాన్నే ప్రయత్నించండి, బాక్సు అవసరం పడకపోవచ్చు.

డిష్ రేకు కొనేటప్పుడు అంచు వెంబడి కన్ను పెట్టి ఒకసారి చూడండి. సొట్ట ఉన్న రేకు ఎంత చవకగా ఇచ్చినా వద్దు. మీద పడ్డ తరంగాలన్నిటినీ ఎల్‌ఎన్‌బీ మూతి దగ్గరికి చేర్చడమే దాని పని. వంపు చెడితే ఆ పని జరగదు.

ఇంత చిన్న రేకు సరిపోతుందా అన్న అనుమానం అక్కర్లేదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు జరిగిన ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగంలో దేశంలోని ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు ఉపగ్రహం నుంచి నేరుగా టీవీ చూపించారు. అందులో మన మెదక్, మహబూబ్‌నగర్ పల్లెలు కూడా ఉన్నాయి. అప్పుడు వాడినవి పది అడుగుల జాలీ గొడుగులు, ఎందుకంటే నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 ప్రసారం 860 మెగాహెర్ట్జ్ దగ్గర జరిగేది. ఇప్పటి కేయూ బ్యాండు ప్రసారం 11 గిగాహెర్ట్జ్ దగ్గర. తరంగం పొడవు తగ్గింది కాబట్టి రేకు కూడా చిన్నదైతే చాలు. ఇవాళ మనం సరదాగా బండేసుకుని వెళ్లే జిల్లాల్లోనే యాభై ఏళ్ల కింద ఊరంతా ఒక్క టీవీ ముందు కూర్చుందని గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

బండి నీడలో, డిష్ ఎండలో

డిష్‌ని బండి పైకప్పు మీద బిగించేస్తే పని అయిపోతుందని చాలామంది అనుకుంటారు. నేను మాత్రం విడి స్టాండే మేలంటాను. లోపల పిల్లలు అటూ ఇటూ నడిస్తే బండి ఊగుతుంది, ఆ ఊపుకే బొమ్మ గడ్డకడుతుంది. దానికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. మన ఎండలకు బండిని చెట్టు కింద పెట్టక తప్పదు, డిష్‌కేమో చెట్టు అడ్డు పనికిరాదు. స్టాండు విడిగా ఉంటే ఈ రెండూ కుదురుతాయి. 15 మీటర్ల కేబుల్ అందుకే.

అందుకని క్యాంపు చోటుకు చేరగానే బండి ఆపేముందు ఒకరు దిగి డిష్‌కి చోటు చూడండి. ఫ్రీ డిష్ ఛానెళ్లు వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, భూమధ్యరేఖకు పైన ఉంటుంది. 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్-5 రాకెట్ దాన్ని మోసుకెళ్లింది. హైదరాబాద్ నుంచి చూస్తే అది ఆగ్నేయ దిక్కున, ఇంట్లో వంటగది ఉండే మూల వైపు, నేల నుంచి 63 డిగ్రీల ఎత్తున కనిపించాలి. అంటే బాగా పైన, నడినెత్తికి దగ్గరగానే.

ఇంత ఎత్తున ఉండడం మన అదృష్టం. ఆగ్నేయం వైపు చెట్టు గానీ గోడ గానీ ఉంటే, దాని ఎత్తులో సగం దూరం డిష్‌ని ఇవతలికి జరిపితే చాలు, చూపు దాని మీదుగా పోతుంది. పది మీటర్ల వేప చెట్టుకు ఐదు మీటర్లు. కొమ్మలు ఇటు వాలి ఉంటే ఆ కొమ్మ చివర నుంచి లెక్కపెట్టుకుని ఇంకో మీటరు కలపండి. మూడు మీటర్ల ఎత్తున్న మీ బండికీ ఇదే లెక్క, రెండు మీటర్లు ఎడం ఉంటే అది అడ్డు కాదు. మిగతా మూడు దిక్కుల్లో ఎంత పెద్ద అడవి ఉన్నా ఫర్వాలేదు.

ఆకులే కదా అని వదిలేయకండి. తడిసిన ఆకులు ఈ తరంగాలను బాగా తినేస్తాయి. మధ్యాహ్నం బాగా వచ్చిన బొమ్మ సాయంత్రం జల్లు పడ్డాక పోయిందంటే ముందు కొమ్మల వైపు చూడండి.

స్తంభం నిటారుగా ఉందా?

పని మొత్తంలో ఎక్కువ ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. స్టాండు మధ్య గొట్టం కచ్చితంగా నిటారుగా ఉండాలి. అది వాలితే డిష్‌ని పక్కకు తిప్పిన కొద్దీ ఎత్తు కూడా మారిపోతుంది. అప్పుడు మీరు వెతికేది ఒక చోట, ఉపగ్రహం ఉండేది మరో చోట. రసమట్టాన్ని గొట్టానికి ఒక పక్క ఆనించి బుడగ మధ్యకు వచ్చేదాకా కాళ్లు సర్దండి. తర్వాత పావు చుట్టు తిరిగి ఇంకో పక్క చూడండి. రెండు వైపులా కుదిరితేనే కుదిరినట్టు. రసమట్టం మరిచిపోతే దారానికి ఒక బరువైన నట్టు కట్టి వేలాడదీయండి, పని నడుస్తుంది.

రాళ్ల నేల మీద కాళ్ల కింద చెక్క ముక్కలు పెట్టండి. బురద నేలయితే పలకలు పరవండి, లేకపోతే అర్ధరాత్రికి ఒక కాలు దిగబడుతుంది. చివరగా 20 లీటర్ల నీళ్ల క్యాన్‌ని నింపి స్టాండు మధ్యలో వేలాడదీయండి. ఇరవై కిలోల బరువు అక్కడికక్కడే దొరికినట్టే, ఇంటి నుంచి మోసుకురావాల్సిన పని లేదు.

కేబుల్ కొన

బాక్సు స్విచ్ తీసేసి ఉండగానే కేబుల్ బిగించండి. బాక్సు నుంచి ఎల్‌ఎన్‌బీకి కరెంటు వెళ్లేది కూడా ఈ కేబుల్‌లోనే, 13 వోల్టులో 18 వోల్టులో. కొన చెక్కేటప్పుడు పైతోలు తీయగానే వెండి రంగు జడలాంటి సన్నని తీగలు బయటపడతాయి. వాటిని వెనక్కి మడిచి, తెల్లటి ఫోమ్ కోసి, మధ్యలోని రాగి రంగు తీగను కొద్దిగా బయటికి ఉంచండి. ఇప్పుడు కొనని వెలుతురులో పెట్టి చూడండి. జడలోంచి వెంట్రుకంత తీగ ఒక్కటి వచ్చి మధ్య తీగను తాకుతున్నా షార్టే. బాక్సు మీద సిగ్నల్ లేదని వస్తుంది, మీరు గంటసేపు డిష్ తిప్పుతూ కూర్చుంటారు. అది లేదని తేల్చుకున్నాకే కనెక్టర్ తిప్పండి.

కేబుల్‌ని తలుపు సందులోంచి తేకండి. నలిగిన చోట సిగ్నల్ చచ్చిపోతుంది. కిటికీ సందులో దూర్చడానికి పలచటి పట్టీలాంటి జంపర్ కేబుల్ దొరుకుతుంది, అది వాడండి. పల్లె చెరువు గట్టున దిగితే నేల మీది కేబుల్‌కి రంగు గుడ్డ పీలికలు కట్టండి. సాయంత్రం ఇళ్లకు తిరిగొచ్చే బర్రెల కాళ్లకు చుట్టుకుందంటే డిష్ కూడా వాటి వెంటే పోతుంది.

దిక్కు, వాలు, ఎల్‌ఎన్‌బీ మెలిక

ఫోన్‌లో కంపాస్ తెరిచి, బండి ఇనుముకు నాలుగైదు మీటర్ల దూరంలో నిలబడి చూడండి. ఫోన్ కవర్‌లో అయస్కాంతం ఉంటే ఊడదీయండి. హైదరాబాద్‌లో 138 డిగ్రీల వైపు తిరగాలి. వికారాబాద్ అనంతగిరి దగ్గర 137, శ్రీశైలంలోనూ అంతే, నాగార్జునసాగర్‌లో 138, లక్నవరంలో 142 దాకా. అరకు దాకా వెళితే 149. ఎత్తు మాత్రం ఈ చోట్లన్నింటా 63 నుంచి 65 డిగ్రీల మధ్యే. కంపాస్ చూపే ఉత్తరానికి, అసలు ఉత్తరానికి మన ప్రాంతంలో తేడా ఒక డిగ్రీ అటూ ఇటూ కాబట్టి దాని గురించి బెంగ వద్దు.

డిష్ వెనుక బ్రాకెట్ మీద గీతలు, అంకెలు ఉంటాయి. దాన్ని 63 దగ్గర పెట్టి బోల్టులు కొద్దిగా వదులుగా ఉంచండి. ఇప్పుడు డిష్ చూస్తే 63 డిగ్రీలు పైకి చూస్తున్నట్టు అస్సలు అనిపించదు, నిలువు నుంచి సుమారు 40 డిగ్రీలు మాత్రమే వెనక్కి వాలి ఉంటుంది. ఈ రకం డిష్‌లలో ఎల్‌ఎన్‌బీ మధ్యలో కాకుండా కింది వైపు ఉంటుంది కాబట్టి రేకు చూసే దిక్కు వేరు, తరంగం వచ్చే దిక్కు వేరు. కంటికి తక్కువగా అనిపించిందని ఇంకా వెనక్కి వంచొద్దు. అంకెనే నమ్మండి.

ఎల్‌ఎన్‌బీని పట్టీలో కొంచెం మెలి తిప్పాలి. డిష్ ముందు నిలబడి ఎల్‌ఎన్‌బీని చూస్తుంటే, కేబుల్ తగిలించే మూతి గడియారంలో ఆరు అంకె దగ్గర ఉందనుకోండి, దాన్ని ఏడు దాటించండి. లెక్క ప్రకారం హైదరాబాద్‌కి ఆ మెలిక దాదాపు 40 డిగ్రీలు. చివరి సర్దుబాటు బొమ్మ వచ్చాక.

మెల్లగా తిప్పండి

ఒకరు టీవీ ముందు, ఒకరు డిష్ దగ్గర. టీవీని డిష్ దగ్గరి నుంచి కనపడేలా కిటికీలో పెట్టుకోగలిగితే ఇంకా మంచిది, "వచ్చిందా? పోయిందా?" అన్న కేకలు తప్పుతాయి. బాక్సు మెనూలో ఇన్‌స్టలేషన్‌కి వెళ్లి ఉపగ్రహం పేరు, ఎల్‌ఎన్‌బీ రకం సరిచూసుకోండి. యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీ అయితే 9750, 10600 అన్న జంట అంకెలు కనిపిస్తాయి. తెర మీద రెండు పట్టీలుంటాయి, స్ట్రెంత్ ఒకటి, క్వాలిటీ ఒకటి. స్ట్రెంత్‌ని పట్టించుకోకండి. ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందితే చాలు, అది డిష్ ఎటు చూస్తున్నా నిండుగానే ఉంటుంది. మనకు కావలసింది క్వాలిటీ.

138 కంటే పది డిగ్రీలు తూర్పుకి తిప్పి మొదలుపెట్టండి. అక్కడి నుంచి దక్షిణం వైపు, రేకు అంచు అర సెంటీమీటరు జరిగేలా ఒకసారి కదపండి. అంటే దాదాపు ఒక డిగ్రీ. కదిపాక చేయి తీసి మూడు నాలుగు సెకన్లు ఆగండి. డిజిటల్ బాక్సు సిగ్నల్‌ని పట్టుకోవడానికి ఆ మాత్రం టైము కావాలి. 60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పే మూడు డిగ్రీలు. గబగబా తిప్పితే బాక్సు కళ్లు తెరిచేలోపు ఉపగ్రహాన్ని దాటేస్తారు. చాలామంది ఓడిపోయేది ఇక్కడే.

ఒక తిప్పు పూర్తయినా ఏమీ రాకపోతే ఎత్తును రెండు డిగ్రీలు పెంచి మళ్లీ మొదటి నుంచి తిప్పండి. తర్వాత రెండు తగ్గించి ఇంకోసారి. స్తంభం నిటారుగా ఉండి, అడ్డు ఏదీ లేకపోతే ఈ మూడు తిప్పుల్లో దొరికి తీరాలి. దొరకలేదంటే తిప్పడం ఆపేసి కేబుల్ కొనలు మళ్లీ చూడండి.

క్వాలిటీ ఉన్నట్టుండి లేచినా స్కాన్ చేస్తే ఫ్రీ డిష్ ఛానెళ్లు రాకపోతే మీరు పక్క ఉపగ్రహం మీద ఉన్నట్టు. 95 డిగ్రీల దగ్గర ఒకటుంది, 91.5 దగ్గర మరొకటి. ఒక్క డిగ్రీ, రెండు డిగ్రీలు అటూ ఇటూ జరిపి మళ్లీ స్కాన్ చేయండి.

సరైనది దొరికాక క్వాలిటీ అత్యధికంగా ఉన్న చోటు వెతకండి. ముందు పక్కలకు, తర్వాత పైకీ కిందికీ, చివర ఎల్‌ఎన్‌బీ మెలిక. ఇంకేముంది అని ఒక బోల్టుని ఒక్క ఊపున బిగించేయొద్దు, బిగుస్తున్నప్పుడే రేకు జరుగుతుంది. ఈ బోల్టు పావు చుట్టు, ఆ బోల్టు పావు చుట్టు, ఒక కన్ను క్వాలిటీ మీద ఉంచి. అయ్యాక గొట్టం మీద, బ్రాకెట్ మీద పర్మనెంట్ మార్కర్‌తో గీత పెట్టుకోండి. వాలు, మెలిక మన చుట్టుపక్కల పెద్దగా మారవు కాబట్టి ఇకమీదట దిక్కు ఒక్కటి వెతుక్కుంటే సరిపోతుంది.

మీ దగ్గర ఇప్పటికే వేరే కంపెనీ డీటీహెచ్ ఉంటే పద్ధతి అంతా ఇదే, అంకెలే మారతాయి. టాటా ప్లే 83 డిగ్రీల ఉపగ్రహానికి హైదరాబాద్‌లో దిక్కు 165, ఎత్తు 69. ఎయిర్‌టెల్ 108.2కి దిక్కు 118, ఎత్తు 50 మాత్రమే కాబట్టి చెట్లకు ఇంకాస్త దూరం జరగాలి.

బ్యాటరీ లెక్క

24 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ 30 వాట్లు, బాక్సు ఓ 10 వాట్లు తింటాయనుకోండి. 12 వోల్టుల మీద మూడు మూడున్నర ఆంపియర్లు. మూడు గంటలు చూస్తే పది ఆంపియర్-అవర్లు (ఏహెచ్). 100 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి కాబట్టి మీ చేతిలో ఉన్నది 50, అందులో ఐదో వంతు టీవీకి పోతుంది. ఫ్యాను, లైట్లు, చిన్న ఫ్రిజ్ మిగిలినదాంట్లో సర్దుకోవాలి. ఇంజను స్టార్ట్ చేసే బ్యాటరీ మీద మాత్రం టీవీ నడపకండి. బాక్సు అడాప్టర్ మీద చూడండి, చాలా వాటి మీద 12 వోల్ట్స్ డీసీ అనే ఉంటుంది. అలాంటప్పుడు ఇన్వర్టర్ మీద కరెంటు వృథా చేయకుండా నేరుగా ఇవ్వొచ్చు. ఇంజను నడుస్తున్నప్పుడు వోల్టేజి 14 దాటుతుంది కాబట్టి మధ్యలో 12 వోల్టుల రెగ్యులేటర్ తప్పనిసరి.

వాన, పిడుగు, కోతులు

గట్టి వాన పడితే బొమ్మ పోతుంది. 11 గిగాహెర్ట్జ్ తరంగాలను వాన చినుకులు పీల్చేస్తాయి, అది మీ బిగింపు లోపం కాదు. తగ్గగానే దానంతటదే వస్తుంది, ఆ కంగారులో బోల్టులు వదులు చేయకండి. మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదట్లో కొన్ని రోజుల పాటు ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో కొద్ది నిమిషాలు బొమ్మ పోవడం కూడా మామూలే. అప్పుడు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. ఆ రోజుల్లో క్యాంపులో ఉంటే దీన్ని వాడుకోవచ్చు. ఆ వేళకి స్టాండు పెట్టబోయే చోట ఎండ పడుతుంటే అడ్డు ఏదీ లేనట్టే.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు పట్టి ఉరిమిందంటే మాత్రం టీవీ ఆపి, బాక్సు స్విచ్ తీసి, కేబుల్ బాక్సు నుంచి ఊడదీసేయండి. ఉరుములు పూర్తిగా ఆగేదాకా స్టాండు ముట్టుకోవద్దు. కరెంటు తీగల కింద స్టాండు ఎప్పుడూ వేయొద్దు.

అనంతగిరిలో, శ్రీశైలం దారిలో కోతులు ఎక్కువ. చూస్తుండగా ఎక్కి ఊగుతాయి. జలపాతానికో, గుడికో వెళ్లేముందు డిష్ విప్పి లోపల పడేయండి, గీతలు పెట్టుకున్నారు కాబట్టి మళ్లీ పెట్టడం పెద్ద పని కాదు. అటవీ శాఖ అనుమతించిన చోటే దిగండి, రాత్రి టీవీ శబ్దం మీ బండి దాటి వినపడకుండా చూసుకోండి. పెద్దవాళ్లకు సరిగా వినపడకపోతే ఇయర్‌ఫోన్ ఇవ్వండి.

తిరుగు ప్రయాణానికి విప్పేటప్పుడు ముందు బాక్సు స్విచ్, తర్వాత కేబుల్, ఆ తర్వాత డిష్, చివర నీళ్ల క్యాన్. క్యాన్ ముందు తీస్తే ఒక్క గాలికి స్టాండు పడి రేకు సొట్టపోతుంది. కేబుల్‌ని మోచేతికి బిగించి చుట్టకండి, అడుగున్నర వెడల్పు చుట్టలుగా వదులుగా చుట్టండి. కనెక్టర్ల మూతులకు చిన్న ప్లాస్టిక్ కవర్లు తొడిగి రబ్బరు బ్యాండు వేయండి. రాగి తీగ మీద తడి, దుమ్ము చేరకపోతే అదే కొన మళ్లీ మళ్లీ పనికొస్తుంది.